మనష్షే మారుమనస్సు రద్దు

కొట్లాట కరువు దగ్గర మొదలైంది. కరువొచ్చి కాదు, కరువు ఎన్నేళ్లన్న ప్రశ్న వచ్చి.

దక్షిణ డెల్టా సువార్త సంఘాల సమాఖ్యలో రెండు మూడేళ్లుగా బైబిల్ క్విజ్ పిచ్చి బాగా ముదిరింది. అంతకుముందు యువజన కూడికల్లో పాటల పోటీలు పెట్టేవాళ్లు, నాటికలు వేసేవాళ్లు. అవన్నీ పోయి, బొత్తాం నొక్కితే గంట మోగి ఎర్రదీపం వెలిగే యంత్రం ఒకటి వచ్చింది. ఆ బొత్తాం అందరికన్నా ముందు నొక్కాలని పెళ్లీడు పిల్లలే కాదు, ఇద్దరేసి బిడ్డల తండ్రులు కూడా వంటింట్లో తిరుగుతూ యూదా రాజుల పేర్లు బట్టీ పట్టేవారు. ఆ ఏడు ఫైనల్‌కి రేవుపేట సంఘం, కాలవగట్టు సంఘం వచ్చాయి. ఇద్దరికీ మార్కులు సమానం. చివరి ప్రశ్న. జనాభా లెక్క తీయించిన తప్పుకి దావీదు రాజు ముందు గాదు అనే ప్రవక్త మూడు శిక్షలు పెట్టి ఒకటి ఎంచుకోమన్నాడు కదా, అందులో కరువు ఎన్నేళ్లు?

రేవుపేట వాళ్లు గంట కొట్టి "ఏడు" అన్నారు. నిర్వాహకుల కాగితంలోనూ ఏడే ఉంది. కప్పు వాళ్ల చేతిలో పెట్టారు. కాలవగట్టు వాళ్లు ఊరుకుంటారా? బైబిల్ తెరిచి దినవృత్తాంతాల గ్రంథం చూపించారు. అక్కడ మూడు. రేవుపేట వాళ్లు సమూయేలు గ్రంథం తెరిచారు. అక్కడ ఏడు. అదే దావీదు, అదే ప్రవక్త, అదే తప్పు, అదే అట్టల మధ్య రెండు కరువులు. ముందు వచనాలు విసురుకున్నారు, తర్వాత కుర్చీలు విసురుకున్నారు. కప్పుకి ఉన్న రెండు చెవుల్లో ఒకటి రేవుపేటకి, ఒకటి కాలవగట్టుకి దక్కాయి.

వేదిక మీద న్యాయనిర్ణేతగా కూర్చున్న కృపావరం మాస్టారు ఇదంతా చూసి లోలోపల సంబరపడ్డారు. చెప్పుకోడానికి సిగ్గుచేటు గానీ నిజం అదే. సమాఖ్య వారి కాపరుల పాఠశాలలో ఆయన ముప్పై ఏళ్లుగా పాత నిబంధన చెబుతున్నారు. ఆ చుట్టుపక్కల హెబ్రీ వచ్చిన మనిషి ఆయనొక్కరే. ఆయనకి ప్రాణమైన పాఠం కూడా ఒక్కటే: ఒకే కథ రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకుంది? ఎవరు చెప్పారు, ఎవరి మొహం చూస్తూ చెప్పారు? ముప్పై ఏళ్లలో ఏ విద్యార్థీ ఈ పాఠానికి ఆవలించకుండా ఉండలేదు. ఇప్పుడు అదే విషయం మీద జనం కుర్చీలు లేపుతున్నారు. మాస్టారు మైకు అందుకున్నారు.

"అయ్యా, అమ్మా, రెండూ ఉన్నాయండీ. రెండూ ఉండనిచ్చారు మన పెద్దవాళ్లు. ఎందుకంటే..."

ఎందుకో ఎవరికీ వినపడలేదు. ఎవరో మైకు తీగ పీకేశారు.

ఆ తీగ పీకింది సమాఖ్య కార్యదర్శి ప్రభుదాసు గారు. రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి సబ్ రిజిస్ట్రారుగా రిటైరైన మనిషి. మర్నాడు మాస్టారిని ఆఫీసుకి పిలిపించుకుని కూర్చోమన్నారు.

"చూడండి మాస్టారూ, ఒకే స్థలానికి రెండు దస్తావేజులున్నాయంటే వాటిలో ఒకటి చెల్లదన్నమాటే."

"ఇది స్థలం కాదండీ, కథ."

"కథైతే మరీ ప్రమాదం. స్థలానికి కనీసం హద్దురాళ్లుంటాయి."

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "సమాఖ్య పరిధిలో ఒకే సంఘటనపై ఒకటికి మించిన కథనములు చెలామణిలో నుండుటవలన శాంతిభద్రతలకు విఘాతము కలుగుచున్నందున, ఒక సంఘటనకు ఒకే కథనము అను సూత్రము తక్షణమే అమలులోనికి వచ్చును." దాన్ని అమలు చేయడానికి కథనాల ఏకీకరణ సంఘం. సభ్యులు ముగ్గురు. ఒకరు ప్రభుదాసు గారు. రెండోవారు సమాఖ్య అధ్యక్షులు సుకుమార్ అయ్యగారు, చివర మాట్లాడినవాళ్ల పక్షాన ఉండడం ఆయన స్వభావం. మూడోవారు, కన్వీనరు, కృపావరం మాస్టారు.

మాస్టారు వద్దనలేదు. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. తను లేకపోతే ఇంకా అధ్వానం చేస్తారు కదా అని తనకి తనే నచ్చజెప్పుకున్నారు. లోకంలో ఎందరో మంచివాళ్లు చెడ్డ కమిటీల్లో చేరేది ఈ ఒక్క మాట అనుకునే.

మొదటి సమావేశం సృష్టితో మొదలైంది. ఆదికాండం మొదటి అధ్యాయంలో జంతువులు ముందు, మనిషి తర్వాత. రెండో అధ్యాయంలో మనిషి ముందు, జంతువులు తర్వాత. మాస్టారు గొంతు సవరించుకుని ఇద్దరు రచయితల గురించి చెప్పబోయారు. ప్రభుదాసు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఇందులో చిక్కేముందండీ? మొదటిది ఎస్టిమేటు. రెండోది ఎగ్జిక్యూషన్. పని జరిగేటప్పుడు వరస కాస్త మారుతుంది, ఏ శాఖలోనైనా మామూలే. ఎగ్జిక్యూషన్ ఉంచుదాం, ఎస్టిమేటు తీసేద్దాం."

"బాగుంది" అన్నారు అధ్యక్షులవారు.

ఆ విధంగా ఆరు రోజుల సృష్టి పది నిమిషాల్లో పోయింది.

తర్వాత నోవహు ఓడ. ఒకచోట ప్రతి జాతిలోనూ రెండేసి ఎక్కించమని ఉంది. ఇంకోచోట పవిత్రమైన జంతువుల్ని ఏడేసి ఎక్కించమని ఉంది. ఓడలో స్థలాభావం దృష్ట్యా రెండేసి సరిపోతాయని ప్రభుదాసు గారు తేల్చారు. మాస్టారికి ఉండబట్టలేదు.

"అయ్యా, నోవహు ఓడ దిగగానే పవిత్రమైన జంతువుల్ని బలిచ్చాడు. రెండే గొర్రెలుండి అందులో ఒకటి బలైపోతే, రెండోది ఒంటరిగా ఏం చేస్తుందండీ? ఇవాళ ఈ లోకంలో గొర్రె అన్నది ఉండేదేనా?"

సరిగ్గా అప్పుడే పక్కగదిలో మధ్యాహ్న భోజనానికి మటన్ బిర్యానీ గిన్నె మూత తీశారు. ఆ వాసన ముగ్గురి దగ్గరికీ వచ్చింది. ప్రభుదాసు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు ఆలోచించి, గొర్రెల విషయంలో మాత్రం ప్రత్యేక మినహాయింపుగా ఏడు మంజూరు చేశారు. మిగతా జంతువులన్నీ రెండేసి దగ్గరే ఆగిపోయాయి.

అన్నిటికన్నా గట్టి చిక్కు దావీదు జనాభా లెక్క దగ్గర వచ్చింది. లెక్క తీయమని దావీదుని ప్రేరేపించింది ఎవరు? సమూయేలులో దేవుడు. దినవృత్తాంతాల్లో సాతాను. అధ్యక్షులవారు ఇది వినగానే కుర్చీలోంచి లేచి, తనకి వేరే పనుందని తలుపు వైపు నడిచారు. ప్రభుదాసు గారు మాత్రం చెక్కు చెదరలేదు.

"కూర్చోండయ్యగారూ, ఇది తేలిక. పై అధికారి నోటిమాటగా చెబుతారు. కింది ఉద్యోగి అమలు చేస్తాడు. పని చెడితే ఫైల్లో ఎవరి పేరుంటుంది? కిందివాడిదే. సమూయేలు రాసినాయనకి లోపలి సంగతి తెలుసు. రెండో ఆయన ఫైలు చూసి రాశాడు. ఫైలే ప్రమాణం."

ఇలాంటి వ్యాఖ్యానం మాస్టారు ముప్పై ఏళ్లలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోపం తెచ్చుకోవాలో చప్పట్లు కొట్టాలో తెలియక తెల్లమొహం వేసుకుని కూర్చున్నారు.

తీర్మానాలైతే అయ్యాయి, రద్దయిన కథనాలు గుడుల్లోని బైబిళ్లలో అచ్చులో ఉన్నాయి కదా? వాటి మీద తెల్లకాగితం అతికించాలని ఇంకో సర్క్యులర్ వచ్చింది. ప్రతి నెలా మొదటి శనివారం అతికింపు దినం. స్త్రీల సమాజం వాళ్లు మైదాపిండి గంగాళాల్లో ఉడకబెట్టుకుని, పాటలు పాడుకుంటూ, చాపల మీద కూర్చుని అతికించేవారు. ఎండకి బైబిళ్లు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. పాఠం చదవడానికి లేచినవాళ్లకి మూడేసి పేజీలు ఒకేసారి తిరిగేవి. మోషే ఎర్రసముద్రం ఒడ్డున అడుగుపెట్టి, మరుసటి వాక్యంలోనే వాగ్దాన దేశంలో తేలేవాడు. నలభై ఏళ్ల అరణ్యం తప్పిపోయినందుకు కొందరు వృద్ధులు సంతోషించారు కూడా.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక సంఘటనకు ఒకే కథనం అన్నాక, అది దావీదుకే ఎందుకు, మనకి మాత్రం వర్తించదా అన్నారు ప్రభుదాసు గారు. ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పుకునే అలవాటుంది కదా, దేవుడు జ్వరం తగ్గించాడనీ, తప్పిపోయిన గేదె దొరికిందనీ. ఇకమీదట ఇంట్లోవాళ్లందరూ విడివిడిగా ఫారం నింపాలి, అన్నీ సరిపోతేనే సాక్ష్యం. కాలవగట్టులో ఒకావిడ గేదె మంగళవారం దొరికిందని రాసింది, ఆవిడ భర్త బుధవారం అని రాశాడు. ఆ గేదె దొరకలేదని నిర్ణయించారు. కొట్టంలో కట్టేసి ఉన్న గేదె అది, పూటకి మూడు లీటర్లు ఇస్తోంది.

మనష్షే వంతు నాలుగో నెలలో వచ్చింది.

యూదా రాజుల్లో మనష్షే అంత దుర్మార్గుడు ఇంకొకడు లేడు. విగ్రహాలు నిలబెట్టాడు, కన్నకొడుకుని నిప్పుల్లో నడిపించాడు, యెరూషలేముని ఈ చివర నుంచి ఆ చివర దాకా అమాయకుల రక్తంతో నింపాడు. రాజుల గ్రంథంలో కథ అంతే. యాభై అయిదేళ్లు ఏలాడు, చచ్చాడు, తోటలో పాతిపెట్టారు. దినవృత్తాంతాల్లో మాత్రం మధ్యలో ఇంకో ముక్క ఉంది. శత్రువులొచ్చి సంకెళ్లు వేసి బబులోనుకి ఈడ్చుకుపోయారు. అక్కడ ఆ కష్టంలో తల వంచి దేవుడికి మొరపెట్టుకున్నాడు. దేవుడు విన్నాడు. తిరిగి తెచ్చి తన ఊళ్లో తన గద్దె మీద కూర్చోబెట్టాడు.

"రాజుల గ్రంథం సీనియర్ డాక్యుమెంటు" అన్నారు ప్రభుదాసు గారు. "మారుమనస్సు లాంటి ముఖ్యమైన వ్యవహారం అందులో నమోదు కాలేదంటే జరగలేదన్నమాట. రెండోది తర్వాత దూర్చింది. రద్దు చేద్దాం."

ఈసారి మాస్టారు నిజంగానే లేచి నిలబడ్డారు.

"అయ్యా, ఒక్క మాట వినండి. మొదటాయన రాజ్యం కూలి బబులోను చెరలో మగ్గుతున్నవాళ్లకి రాశాడు. వాళ్లడిగేది, మాకీ గతి ఎందుకు పట్టిందీ అని. వాళ్లకి మనష్షే పాపం చెప్పాలి. రెండో ఆయన చెర నుంచి తిరిగొచ్చి కూలిన గోడల మధ్య నిలబడ్డవాళ్లకి రాశాడు. వాళ్లడిగేది, దేవుడు మమ్మల్ని మళ్లీ దగ్గరికి రానిస్తాడా అని. వాళ్లకి మనష్షే ఏడుపు చెప్పాలండీ. ఇది తీసేస్తే ఆ రెండో ప్రశ్నకి మన దగ్గర జవాబే ఉండదు."

"అంటే అడిగేవాణ్ణి బట్టి రికార్డు మార్చేస్తారన్నమాట" అన్నారు ప్రభుదాసు గారు.

"మాస్టారు చెప్పింది చాలా బాగుంది" అన్నారు అధ్యక్షులవారు. "కార్యదర్శిగారు చివర చెప్పింది ఇంకా బాగుంది."

మాస్టారు సంతకం కింద 'అసమ్మతితో' అని రాద్దామనుకున్నారు. ఫారంలో దానికి చోటు లేదన్నారు ప్రభుదాసు గారు. చూస్తే నిజంగానే లేదు. మాస్టారు సంతకం పెట్టేశారు. మనష్షే మారుమనస్సు రద్దయింది.

పది రోజుల తర్వాత జక్కయ్య ఆయన ఇంటికొచ్చాడు. వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

జక్కయ్య రేవుపేట గుడిలో డోలక్కు వాయిస్తాడు. పన్నెండేళ్ల కిందట తాగుడికి బానిసై, ఒకరోజు గుడి హార్మోనియం భుజానేసుకుని పోయి సారా కొట్లో ఇచ్చేశాడు. సంఘం అతణ్ణి బల్లనుంచి తీసేసింది. అంటే ప్రభువు భోజనంలో రొట్టె, రసం తీసుకునే హక్కు లేదు. నాలుగేళ్లు గుడి బయట మెట్టు మీద కూర్చున్నాడు. ఎనిమిదేళ్ల కిందట కృపావరం మాస్టారు అక్కడ మనష్షే మీద ప్రసంగం చేశారు. దినవృత్తాంతాల్లోని మనష్షే. మర్నాడు పొద్దున్నే జక్కయ్య ఆయన గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. మాస్టారే దగ్గరుండి పెద్దల చేత తీర్మానం చేయించారు, ఆ మాటలు రాసిందీ ఆయనే: "మనష్షే రాజు దృష్టాంతము ననుసరించి జక్కయ్యను తిరిగి బల్లలో చేర్చుకొనడమైనది."

"అయ్యగారండీ, దృష్టాంతం పోయింది గాబట్టి తీర్మానం కూడా పోయిందంటున్నారండి" అన్నాడు జక్కయ్య. "నన్ను మళ్లీ తీసేశారంట. ఆ రాజు పేరు చెప్పి చేర్చుకున్నోళ్లం మొత్తం నలభై ఒక్కమందిమంటండి. మా అమ్మాయి హెప్సిబా పెళ్లికి అభ్యంతరాలడిగే చీటీ గుళ్లో మూడుసార్లు చదవాలి గదండి, రెండు చదివారు. మూడోది ఆపేశారండి. తండ్రి బల్లలో లేకపోతే గుళ్లో పిల్లనప్పగించడానికి లేదంట. వచ్చే బేస్తవారమండి పెళ్లి. పిల్ల మొహం చూళ్లేకపోతన్నానండి."

ఈ నలభై ఒక్కమందిలో ఒక్కరి మొహం కూడా సంతకం పెట్టేటప్పుడు ఆయనకి గుర్తు రాలేదు. అందుకే ఆయనకి సిగ్గేసింది, మామూలు సిగ్గు కాదు, జక్కయ్య కళ్లలోకి చూడలేనంత సిగ్గు.

పరుగున వెళ్లి ప్రభుదాసు గారిని బతిమాలారు. ఆయన కఠినుడేం కాదు, పద్ధతి గల మనిషి. దృష్టాంతం లేకపోయినా, జక్కయ్య మారుమనస్సు స్వతంత్రంగా రుజువైతే పరిశీలిస్తామన్నారు. శనివారం విచారణ పెట్టారు. భార్యాభర్తల్ని విడివిడిగా పిలిచారు, ముందు జక్కయ్యని.

"తాగుడు ఎప్పుడు మానావు?"

"నవంబరులో గుళ్లో కోతల పండగ నాడండి. ఆనాటి నుంచీ చుక్క ముట్టలేదండి."

తర్వాత భార్య సంతోషమ్మ వచ్చింది. చెరగు నడుముకి దోపుకుని, గట్టిగా, రోట్లో పచ్చడి నూరుతూ మధ్యలో లేచొచ్చినట్టు నిలబడింది.

"నీ భర్త తాగుడు ఎప్పుడు మానాడమ్మా?"

"గుడ్ ఫ్రైడే నాడండి."

ప్రభుదాసు గారి మొహం వెలిగిపోయింది. వేళ్లు మడిచి చూసుకున్నారు. "అయిదు నెలల వ్యత్యాసం! రాసుకోండి కన్వీనరు గారూ. వాంగ్మూలాలు పొసగలేదు."

మాస్టారు రాసుకోలేదు. "సంతోషమ్మా, కోతల పండగ తర్వాత ఎప్పుడైనా తాగొచ్చాడా?"

"లేదండి."

"మరి గుడ్ ఫ్రైడే అన్నావేం తల్లీ?"

"మానేశానని ఆయనన్నాడండి. నేనెట్టా నమ్మేది? అట్టాంటి ఒట్లు వందసార్లు ఇన్నా. రోజూ ఇంటికి రాంగానే నోటి దగ్గర వాసన చూసేదాన్నండి. ఆయనేమీ అనేవాడు కాదు, పిల్లోడల్లే నోరు తెరిచి నిలబడేవాడు. గుడ్ ఫ్రైడే నాడు ఆ మూడు గంటల ఆరాధనా అయ్యి ఇంటికొచ్చాం. అన్నం పెట్టా, తిన్నాడు, పడుకున్నాడు. తెల్లారి పొయ్యి రాజేస్తా ఉంటే గుర్తొచ్చింది, ఓరి నాయనో, రాత్రి వాసన చూడ్డం మర్చిపోయానే అని. అప్పుడు మానాడండి ఆయన. నా మటుకు అప్పుడే మానాడు."

ప్రభుదాసు గారు మళ్లీ ఫారం వైపు చూశారు.

"ఆయన మానింది ఆయన చెప్పాడండి, నేను నమ్మింది నేను చెప్పా. రెండూ రాసుకోండి" అంది సంతోషమ్మ.

"రెండు రాయడానికి వీల్లేదమ్మా. ఫారంలో ఒకటే గడి" అన్నారు ప్రభుదాసు గారు నొచ్చుకుంటూనే. నిజంగానే నొచ్చుకున్నారు పాపం. ఆ గడి ఇంకాస్త పెద్దదిగా అచ్చు వేయించాల్సిందని ఆయనకి ఆ క్షణంలో తోచింది కూడా. అయినా అచ్చయిపోయాక ఏం చేస్తారు? మారుమనస్సు నిర్ధారణ కాలేదని రాసి, కాగితం మాస్టారి వైపు జరిపారు.

మాస్టారు ఆ కాగితం చూడలేదు. ముప్పై ఏళ్లు తను నల్లబల్ల మీద గీతలు గీసి, హెబ్రీ మాటలు రాసి, ఒక్కడికీ ఎక్కించలేకపోయిన పాఠం ఈవిడ పొయ్యి ముందు కూర్చుని నేర్చుకుంది. మనష్షే ఏడవగానే ఎవరు నమ్ముతారు? వాడి చేతుల్లో బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు రాస్తే ఒకలా రాస్తారు. నమ్మడానికి వాళ్లకి రెండు మూడు తరాలు పట్టి ఉంటుంది. ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"సంతకం, కన్వీనరు గారూ?"

"నాకు పెళ్లి పనుందండీ" అన్నారు మాస్టారు, లేచి.

"ఎవరి పెళ్లి?"

"మా హెప్సిబా పెళ్లి."

మర్నాడు ఆదివారం. ఆరాధన అయ్యి జనం బయటికొస్తుంటే, మాస్టారు గుడి మెట్టు మీద, సరిగ్గా ఒకప్పుడు జక్కయ్య కూర్చున్న మెట్టు మీద నిలబడి మూడో చీటీ పైకి చదివారు. ఈ పెళ్లికి అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పాలన్నారు. ప్రభుదాసు గారు అక్కడే ఉన్నారు. ఆయనకి అభ్యంతరం ఉంది. కానీ అభ్యంతరాన్ని కాగితం మీద పెట్టకుండా నోటితో చెప్పడం ఆయన సర్వీసులో ఎన్నడూ ఎరగరు. ఆయన చేతిసంచిలో ఫారం కోసం వెతుక్కునే లోపు మాస్టారు చదవడం ముగించి చీటీ మడిచేశారు.

బేస్తవారం గుడికి తాళం వేసి ఉంది. పెళ్లికొడుకు స్తెఫను ఐస్ ఫ్యాక్టరీలో మెకానిక్కు. యజమానిని అడిగి షెడ్డు ఖాళీ చేయించుకున్నారు. మే నెల ఎండ బయట మండిపోతుంటే, లోపల మంచుదిమ్మల మధ్య, ఊక వాసనలో, పెళ్లివారంతా చలికి పట్టుచీరల కొంగులు భుజాల నిండా కప్పుకుని నిలబడ్డారు. పెళ్లి చేయించే లైసెన్సు మాస్టారి పేరు మీదే ఉంది. పిల్లనెవరు అప్పగిస్తున్నారని ఆయన అడిగారు. ఎవరూ ముందుకు రాలేదు. చూస్తే జక్కయ్య వెనకాల, యంత్రం చాటున, చేతులు కట్టుకుని ఉన్నాడు.

"ఏం జక్కయ్యా, అక్కడున్నావేం?"

"నన్ను రిజిస్టర్లోంచి కొట్టేశారు గదండీ అయ్యగారూ."

"కొట్టేసింది నేను. పిలిచేదీ నేనే. రా."

జక్కయ్య వచ్చాడు. కూతురి చెయ్యి పట్టుకోగానే భోరుమన్నాడు. సంతోషమ్మ "ఊరుకో, ఫొటో పాడవుద్ది" అని కసిరి, తనూ ఏడ్చింది.

పెళ్లయితే అయింది గానీ జక్కయ్య పేరు రిజిస్టర్లో కొట్టేసే ఉంది. తక్కిన నలభైమందివీ అంతే. పైగా సోమవారం మాస్టారికి మెమో వచ్చింది. "గత గురువారమునాడు ఐస్ ఫ్యాక్టరీ ఆవరణలో జరిగినట్లు చెప్పబడుచున్న సంఘటనపై తమ సంజాయిషీని ఏడు దినములలోగా దాఖలు చేయవలెను."

మాస్టారు సంజాయిషీ రాశారు. ఒకటి కాదు, రెండు.

మొదటిది ఇలా ఉంది: "కృపావరము ముప్పది యేండ్లు ఒక పాఠము చెప్పి, ఆ పాఠమునకు విరోధముగా సంతకము చేసెను. ఫారములో చోటు లేదనుట నెపము. అతనికి ధైర్యము లేకపోయెను. అతని వలన నలువది యొక్కరు బల్లకు దూరమైరి. అతడు చేసిన తక్కిన కార్యములు కమిటీ మినిట్సులో ఉన్నవి."

రెండోదీ అక్కడిదాకా మాటకి మాట అదే. ఆ తర్వాత ఇంకో రెండు వాక్యాలున్నాయి: "అయితే ఒక స్త్రీ మాట విని అతడు సిగ్గుపడి లేచెను. అతడు వెళ్లి తాను కొట్టివేసిన వానిని పేరు పెట్టి పిలిచెను."

అధ్యక్షులవారు రెండూ చదివి రెండూ బాగున్నాయన్నారు. ప్రభుదాసు గారు తల పట్టుకున్నారు. ఒకే సంఘటనపై ఒకే వ్యక్తి రెండు సంజాయిషీలు! ఒకటి రద్దు చేయాలి. ఏది రద్దు చేయాలో తేల్చడానికి, నిబంధన ప్రకారం ఒక ఉపసంఘం కావాలి. కథనాల మధ్య తేడాలు పరిశీలించగల అర్హత ఉన్న మనిషి సమాఖ్యలో ఎవరున్నారని రికార్డులు తిరగేశారు. ఒక్కరే ఉన్నారు. ఆ ప్రకారమే ఆర్డరు వెలువడింది: "కృపావరము గారి సంజాయిషీల ఏకీకరణ ఉపసంఘము. కన్వీనరు మరియు ఏకైక సభ్యులు: కృపావరము గారు."

ఉపసంఘం పాఠశాల గదిలో సమావేశమైంది. ఒకే ఒక తీర్మానం చేసింది: "ఒకే సంఘటనపై గల రెండు కథనములను పరిశీలించి, రెండింటిని ఉంచడమైనది. ఇకమీదట ఇట్టి సందర్భములన్నిటికిని ఇదియే దృష్టాంతముగా వర్తించును."

మాస్టారు మినిట్సు పుస్తకం స్వయంగా పట్టుకెళ్లి ప్రభుదాసు గారి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. ఉపసంఘం నియామకం సక్రమం. నోటీసు సక్రమం. కోరం సక్రమం. తేదీ, తీర్మానం, భాష అన్నీ సక్రమం. ఇన్ని సక్రమంగా ఉన్న కాగితాన్ని కాదనడం ఆయన ఒంట్లో లేదు. ఇది చెల్లితే మనష్షే చెల్లుతాడు, మనష్షే చెల్లితే జక్కయ్యతో సహా నలభై ఒక్కమందీ చెల్లుతారు. అది ఆయనకీ తెలుసు. సీలు చేతిలోకి తీసుకుని, ఒకచోట ఆగారు.

"హాజరైనవారు ఇద్దరు అని రాశారేంటి మాస్టారూ? సభ్యులు మీరొక్కరే కదా?"

"ఇద్దరమే వచ్చామండీ" అన్నారు మాస్టారు. "ఆనాడు సంతకం పెట్టినవాడూ వచ్చాడు, తర్వాత సిగ్గుపడ్డవాడూ వచ్చాడు."

ప్రభుదాసు గారు పుస్తకం మాస్టారి వైపు తిప్పారు.

"ఇద్దరొచ్చారంటున్నారు, కింద సంతకం ఒకటే ఉంది. రెండోది పెట్టండి."

మాస్టారు రెండోది కూడా పెట్టారు. ప్రభుదాసు గారు సీలు వేశారు.